జరీకి తీసుకునే జాగ్రత్త పూత రాయికీ

పట్టుచీర మడత విప్పగానే పెద్దవాళ్లు ముందు అంచు పట్టుకుని చూస్తారు. జరీ ఎక్కడిదని అడుగుతారు. సూరత్ జరీ అంటే ఒక భరోసా. గద్వాల్ అయినా ధర్మవరం అయినా మగ్గం మన దగ్గరే ఉంటుంది కానీ, అంచులో మెరిసే దారంలో ఎక్కువ భాగం గుజరాత్‌లోని ఆ తాపీ ఒడ్డు ఊరి నుంచే వస్తుంది. అసలు జరీలో లోపల ఉండేది పట్టు దారమో నూలు దారమో. దాని చుట్టూ రేకులా సాగగొట్టిన వెండి తీగ చుడతారు. ఆ వెండి మీద బంగారు పూత వేస్తారు. చవక రకంలో వెండీ ఉండదు, బంగారమూ ఉండదు. పలుచని పాలియెస్టర్ పొర మీద, గాలి తీసేసిన గదిలో, అల్యూమినియం ఆవిరిని పట్టించి పైన పసుపు రంగు లక్క వేస్తారు.

ఏ రకమైనా కంటికి కనిపించే మెరుపంతా పైపూతదే. ఈ సంగతి అందరికీ తెలుసు కాబట్టే జరీ చీరను ఎవరూ బండకేసి బాదరు, బ్రష్షుతో రుద్దరు, అత్తరు నేరుగా చల్లరు. ఈ జాగ్రత్తలను ఏ పుస్తకంలోనూ చదివి నేర్చుకోనక్కర్లేదు. పూత అని తెలిస్తే చాలు, చెయ్యి దానంతట అదే మెత్తబడుతుంది.

అదే సూరత్‌లో, అదే శూన్య గది పద్ధతితో పూత వేయదగినది మరొకటి కూడా ఉంది. అది నగల్లో పొదిగే రాయి. చిక్కు ఏమిటంటే, రాయి మీద పూత ఉందని కొన్నవారికి చాలాసార్లు తెలియదు. రాయి అంటే గట్టిది, తరతరాలు ఉండేది అన్న నమ్మకంతోనే వాడతారు.

సూరత్‌లో లింబాయత్, ఉధనా ప్రాంతాల్లో పవర్‌లూమ్‌ల మీద బతికే తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ వైపు నుంచి వలస వెళ్లిన పద్మశాలీలే వారిలో ఎక్కువ. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడిపింది. అలాంటి ఒక ఇంట్లో పెళ్లికి కొన్న ఉంగరాన్ని ఊహించుకోండి. వెండిలో పొదిగిన టోపాజ్. ఒక పక్క నుంచి చూస్తే ఆకుపచ్చ, మరో పక్క నుంచి ఊదా, మధ్యలో నెమలికంఠం రంగు. రెండేళ్ల తర్వాత వేలికి బిగుతైందని స్వర్ణకారుడి దగ్గరకు తీసుకెళ్తారు. ఆయన రాయి తీయకుండానే మంట చూపించి, టంకం పెట్టి, ఆమ్లంలో ముంచి తీస్తాడు. ఉంగరం సరిపోతుంది. రాయి మాత్రం గాజు ముక్కలా తెల్లబోయి ఉంటుంది. రాయి మార్చేశాడని కొన్నవారు అంటారు. తాను ముట్టుకోలేదని ఆయన అంటాడు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

సబ్బు బుడగలోని రంగే

సహజమైన టోపాజ్ చాలావరకు రంగులేనిది. అల్యూమినియం, సిలికాన్, ఫ్లోరిన్ కలిసిన ఖనిజం ఇది. తెలుగులో కొందరు దీన్ని పుష్యరాగం అనేస్తారు కానీ, జ్యోతిష్యులు చూపుడు వేలికి పెట్టుకోమనే పుష్యరాగం వేరు. అది కురువిందం జాతిది, అంటే కెంపుకూ నీలానికీ తోబుట్టువు. పేర్ల గందరగోళం ఎలా ఉన్నా, రంగులేని టోపాజ్ చవకగా, పెద్ద ముక్కలుగా దొరుకుతుంది. అందుకే దాని మీద ప్రయోగాలు ఎక్కువ.

దుకాణాల్లో మామూలుగా కనిపించే నీలి టోపాజ్‌కు రంగు వచ్చేది రేడియేషన్ వల్ల. న్యూట్రాన్లు లేదా వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు రాయి గుండా దూసుకుపోయి స్ఫటికంలో చిన్న చిన్న లోపాలు కలిగిస్తాయి. తర్వాత వేడి చేస్తే నీలం తేలుతుంది. ఆ నీలం రాయి లోపలంతా ఉంటుంది. విరగ్గొట్టినా లోపల నీలమే. ‘మిస్టిక్ టోపాజ్’ అన్న పేరుతో అమ్మే ఇంద్రధనుస్సు రాయి కథ వేరు. దాని ఒంట్లో ఏ రంగూ లేదు. రాయి కింది భాగం మీద, అంటే నగలో పొదిగాక మనకు కనిపించని వాలు ముఖాల మీద, టైటానియం ఆక్సైడ్ వంటి పదార్థాలను అతి పలుచని పొరగా పట్టిస్తారు. ఇలాంటి పద్ధతికి అమెరికాలో 1998లో పేటెంట్ వచ్చింది.

టైటానియం ఆక్సైడ్ అంటే గోడలకు వేసే తెల్ల రంగులో ఉండేదే. తెల్లని పదార్థం ఇన్ని రంగులు ఎలా ఇస్తుంది? వాన పడ్డ రోడ్డు మీద పెట్రోలు చుక్క పరుచుకున్నప్పుడు కనిపించే రంగులు పెట్రోలువి కావు. సబ్బు బుడగ మీది రంగులు సబ్బువి కావు. పలుచని పొర పై ముఖం నుంచి కొంత కాంతి, కింది ముఖం నుంచి కొంత కాంతి తిరిగి వస్తాయి. రెండో కాంతి కాస్త ఎక్కువ దూరం నడిచి వస్తుంది కాబట్టి రెండింటి అలలు కొన్ని రంగులకు శిఖరం మీద శిఖరంగా కలుస్తాయి, కొన్ని రంగులకు శిఖరం మీద లోయగా పడి చెరిగిపోతాయి. భౌతికశాస్త్రం దీన్ని వ్యతికరణం అంటుంది. ఏ రంగు నిలుస్తుందో, ఏది చెరిగిపోతుందో పొర మందం నిర్ణయిస్తుంది. చూసే కోణం మారితే కాంతి నడిచే దూరం మారుతుంది, రంగూ మారుతుంది.

ఈ పొర ఎంత పలుచనిదో అంకెల్లో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఆకుపచ్చ కాంతి తరంగదైర్ఘ్యం గాలిలో సుమారు 550 నానోమీటర్లు. టైటానియం ఆక్సైడ్ వక్రీభవన గుణకం 2.4 అనుకుంటే, ఆ పొర లోపల అదే కాంతి తరంగదైర్ఘ్యం దాదాపు 230 నానోమీటర్లకు కుదించుకుపోతుంది. రంగుల ఆట ఆడించాలంటే పొర మందం కూడా ఆ కొలతల్లోనే, పదుల నుంచి వందల నానోమీటర్లలోనే ఉండాలి. తల వెంట్రుక మందం సుమారు 70,000 నానోమీటర్లు. వెంట్రుక మందాన్ని ఏడు వందల పొరలుగా చీల్చగలిగితే వచ్చే ఒక్క పొరంత అన్నమాట.

అంత పలుచగా, అంత సమంగా కుంచెతో ఎవరూ పూయలేరు. అందుకే శూన్య గది. లోపల గాలి తీసేసి కొద్దిగా ఆర్గాన్ వాయువు వదులుతారు. విద్యుత్తుతో ఆర్గాన్‌ను అయాన్లుగా మార్చి ఒక టైటానియం పలక మీదికి ఉసిగొల్పుతారు. క్యారమ్ బోర్డులో స్ట్రైకర్ తగిలి కాయిన్లు చెదిరినట్టు, పలక మీది పరమాణువులు ఎగిరి ఎదురుగా పేర్చిన రాళ్ల మీద పడతాయి. కొంచెం ఆక్సిజన్ ఉంటే ఆక్సైడ్ పొర కడుతుంది. దీన్ని స్పట్టరింగ్ అంటారు. కళ్లద్దాలకు, కెమెరా కటకాలకు కాంతి మెరవకుండా వేసే పూతలు కూడా ఇదే కుటుంబానివి. చవక జరీలో అల్యూమినియాన్ని కాచి ఆవిరి చేస్తారు, ఇక్కడ పరమాణువులను కొట్టి లేపుతారు. తేడా అంతే.

టోపాజ్ ఒక్కటే కాదు. క్వార్ట్జ్ స్ఫటికం మీద బంగారపు ఆవిరి పట్టిస్తే వచ్చే లేత నీలి రాయి ‘ఆక్వా ఆరా’ పేరుతో అమ్ముడవుతుంది. ‘అమెరికన్ డైమండ్’ అని మనం పిలుచుకునే క్యూబిక్ జిర్కోనియా మీదా రంగు పూతలు వేస్తారు. టాంజానియాలో మాత్రమే దొరికే టాంజనైట్ మీద కోబాల్ట్ ఉన్న పూత వేసి రంగు చిక్కబరిచిన రాళ్లు 2008లో పరీక్షశాలల కంటబడ్డాయి.

గోళ్ల రంగు పూసిన వజ్రం

ఇది కొత్త తెలివేమీ కాదు. రాయి అసలు రంగును మించి చూపించే ఉపాయం నగల చరిత్రంత పాతది. నిజాం కాలపు జడావు నగల్లో, కుందనపు పనిలో రాయి వెనక మెరిసే రేకు పెట్టి చుట్టూ బంగారంతో మూసేస్తారు. లోపలికి పోయిన కాంతి రేకుకు తగిలి తిరిగి వస్తుంది, రాయి నిండుగా కనిపిస్తుంది. అందులో మోసం లేదు. అది ఆ పనితనంలో భాగమని చేసినవారికీ తెలుసు, కొన్నవారికీ తెలుసు. కుందనపు నగను నీళ్లలో ముంచొద్దని అమ్మమ్మలు చెప్పేది కూడా అందుకే. నీరు లోపలికి దిగితే రేకు నల్లబడుతుంది.

మోసం మొదలయ్యేది చెప్పకుండా దాచినప్పుడు. సూరత్‌లో మహీధర్‌పురా, వరాఛా సందుల్లో ఇప్పటికీ వజ్రాలు తెల్ల కాగితపు పొట్లాల్లో చేతులు మారతాయి. కొనేవాడు పొట్లం విప్పి, పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం కంటికి ఆనించి, మాట మీద బేరం కుదుర్చుకుంటాడు. సంఖ్యలో చూస్తే ప్రపంచపు వజ్రాల్లో పదింట తొమ్మిది ఈ ఊళ్లోనే సానపడతాయని పరిశ్రమ చెప్పుకుంటుంది. అలాంటి చోట ఒక పాత చిట్కా అందరికీ తెలుసు. పసుపు ఛాయ ఉన్న వజ్రం నడుము అంచున ఊదా సిరా చుక్క పెడితే పసుపు మాయమవుతుంది. పసుపుకు ఊదా పరిపూరక రంగు కాబట్టి రెండూ కలిసి తెల్లగా అనిపిస్తాయి. తెల్లబట్టలకు నీలిమందు పెట్టడం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. వజ్రానికి మాత్రం ఆ చుక్క ధరను ఒకటి రెండు మెట్లు పైకి లేపుతుంది.

అన్నిటికన్నా పేరుమోసిన ఉదంతం 1983లో బయటపడింది. న్యూయార్క్‌లో సోథ్‌బీస్ వేలానికి ముందు ప్రదర్శనలో పెట్టిన 9.58 క్యారెట్ల సహజ గులాబీ వజ్రాన్ని ఎవరో మార్చేసి, దాని స్థానంలో 10.88 క్యారెట్ల లేత పసుపు వజ్రాన్ని పెట్టారు. ఆ పసుపు వజ్రానికి గులాబీ రంగు ఎలా వచ్చిందని పరీక్షశాల చూస్తే, తేలింది గోళ్ల రంగు!

గోళ్ల రంగు అసిటోన్‌కు కరిగిపోతుంది. తర్వాతి తరం పూతలు అలా లొంగవు. గులాబీ, పసుపు రంగుల్లో అమ్ముడైన ఒక రకం పూత వజ్రాలను జెమాలజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా శాస్త్రజ్ఞులు 2007లో పరిశీలించారు. పూత సిలికాది. అంటే దాదాపు గాజు పొర. అందులో బంగారం, వెండి ఆనవాళ్లు కనిపించాయి. బంగారం గులాబీ రంగు ఇవ్వడం వింతగా తోచవచ్చు కానీ, బంగారాన్ని అతి సూక్ష్మ రేణువులుగా చేస్తే పసుపు పోయి కెంపు రంగు వస్తుందని మైకేల్ ఫారడే 1857లోనే చూపించాడు. ఈ పూత రోజువారీ తుడుపుకు తట్టుకుంది. మరమ్మతులో తగిలే మంటకు, మళ్లీ సానపట్టడానికి, మరిగే ఆమ్లానికి నిలవలేదు.

ఆ సంస్థ పూత వజ్రాలకు గ్రేడింగ్ నివేదిక ఇవ్వదు. రంగుకు ఒక గ్రేడు రాసి ఇస్తే అది రేపూ అలాగే ఉండాలి కదా.

పూతకూ, సూరత్ ఇప్పుడు పెద్దఎత్తున తయారుచేస్తున్న ప్రయోగశాల వజ్రాలకూ ముడిపెట్టకూడదు. మీథేన్, హైడ్రోజన్ వాయువులను మైక్రోవేవ్‌లతో ప్లాస్మాగా మార్చి, కర్బనాన్ని పొర మీద పొరగా పేర్చి పెంచే వజ్రం నిలువెల్లా వజ్రమే. రెండింటి మధ్య గీత ఒక్కోసారి పలుచబడుతుందన్నదీ నిజం. సహజ వజ్రం మీద సుమారు 80 మైక్రోమీటర్ల మందాన నీలి వజ్రాన్ని పెంచి మొత్తం నీలంగా కనిపించేలా చేసిన 0.33 క్యారెట్ల రాయి 2017లో పరీక్షకు వచ్చింది. ఆ పొర వజ్రమే కనుక అరిగిపోదు. కానీ అదేమిటో చెప్పి అమ్మాల్సిన బాధ్యత మాత్రం అంతే ఉంటుంది.

గట్టి రాయి మీద మెత్తని రంగు

ఖనిజాల కాఠిన్యాన్ని ఫ్రెడరిక్ మోస్ 1812లో 1 నుంచి 10 వరకు ఒక వరుసలో పెట్టాడు. వజ్రం 10, టోపాజ్ 8, క్వార్ట్జ్ 7. ఇంట్లో బల్ల మీద పేరుకునే దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది, ఇసుక అంటే క్వార్ట్జే. టోపాజ్‌ను ఆ దుమ్ము గీయలేదు. పూతను గీయగలదు. దుకాణంలో ‘టోపాజ్ కాఠిన్యం 8’ అని చెప్పిన మాట నిజమే, కానీ అది లోపలి రాయి గురించిన నిజం. కంటికి నచ్చి డబ్బు పెట్టింది పైనున్న రంగుకు. దాని ఓర్పు ఆ అంకెలో లేదు.

పూత రాయి కింది భాగాన ఉండటం కొంత మేలే. బల్లకు, తలుపు గడియకు తగిలేది పై భాగం. కానీ వెనక తెరిచి ఉన్న ఉంగరంలో, లోలాకులో ఆ కింది భాగమే చర్మానికి ఆనుతుంది. చెమట, కొబ్బరినూనె, సబ్బు జిడ్డు అక్కడే చేరతాయి. నూనె వక్రీభవన గుణకం సుమారు 1.47. గాలికి 1. పూతకు అవతల గాలి ఉండాల్సిన చోట నూనె చేరితే ఆ ముఖం నుంచి కాంతి తిరిగి రావడం తగ్గి, రంగులు మందగిస్తాయి. కొన్నాళ్లు పెట్టుకున్న రాయి ‘కళ తప్పింది’ అనిపిస్తే పూత పోయిందని అప్పుడే అనుకోనక్కర్లేదు. సగం సార్లు అది జిడ్డే అయి ఉండవచ్చు.

జిడ్డు వదిలించడానికి గోరువెచ్చని నీళ్లు, గాఢత లేని సబ్బు చుక్క, మెత్తని నూలు గుడ్డ చాలు. కుంకుడు రసం మన ఇళ్లలో బంగారానికి అలవాటైన మందు. పలుచగా, వడకట్టి వాడితే దానితో పెద్ద ఇబ్బంది లేదు. రాయిని చెడగొట్టేది దానితోపాటు చేతికి వచ్చే పాత టూత్‌బ్రష్, ముగ్గు, బూడిద, వంటసోడా, టూత్‌పేస్ట్. పేస్టులో పళ్లను తోమడానికి వేసే గరుకు పొడి పూతనూ తోముతుంది. వెండి మెరవడానికి చింతపండు, నిమ్మరసం పట్టించి నానబెట్టడం కూడా రాయి ఉన్న నగకు వద్దు. దుకాణాల్లో ఉచితంగా చేసిపెట్టే అల్ట్రాసోనిక్ శుభ్రతను, ఆవిరి గొట్టాన్ని మర్యాదగా వద్దనాలి. పూత లేకపోయినా టోపాజ్‌కు అవి మంచివి కావు. ఆ స్ఫటికానికి ఒక దిశలో సులువుగా చీలిపోయే గుణం ఉంది, ఒక్కసారిగా వేడి తగిలితే పగలవచ్చు. అత్తరు, హెయిర్ స్ప్రే, పెర్ఫ్యూమ్ అన్నీ అయ్యాక చివర నగ పెట్టుకోవడం, తీసేటప్పుడు ముందు నగ తీయడం, గాజులతో కలిపి ఒకే డబ్బాలో పడేయకుండా విడి గుడ్డ సంచిలో ఉంచడం కూడా జరీ చీర ఉన్న ఇంట్లో ఎవరికీ కొత్త కాదు.

అసలు ప్రమాదం మరమ్మతు బల్ల మీద ఉంది. టంకం పెట్టే ముందు స్వర్ణకారుడు అతుకు మీద వెలిగారం వేస్తాడు. కరిగిన వెలిగారం పనే లోహం మీద ఏర్పడే ఆక్సైడ్లను కరిగించి శుభ్రం చేయడం. టోపాజ్ మీది పూత కూడా లోహపు ఆక్సైడే. కాబట్టి మంట, వెలిగారం, ఆ తర్వాత ముంచే ఆమ్లం మూడూ ఒకదాని తర్వాత ఒకటి దాని మీద పనిచేస్తాయి. రాయిని పట్టి ఉంచే కొక్కేలను పైకి తీసి, ముందు రాయిని బయట పెట్టి, పని అయ్యాక మళ్లీ పొదగడమే మార్గం. దానికి పది నిమిషాలు ఎక్కువ పడుతుంది, కూలీ కొంత పెరుగుతుంది. ఆ రాయి ఏమిటో స్వర్ణకారుడికి చెప్పాలంటే కొన్నవారికి ముందు తెలిసి ఉండాలి.

తెలుసుకోవడం ఎలా? రాయిని ఒకే దీపం కింద పెట్టి వెనక వైపు తిప్పి చూడాలి. అక్కడి ముఖాల మీద నూనె తెట్టులాంటి రంగులు జారుతూ కనిపిస్తే అనుమానించాలి. పది రెట్ల భూతద్దంలో వాలు ముఖాలు కలిసే అంచుల వెంట రంగు చెదిరి, గీతల్లా తెల్లగా కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే. విడి రాయి అయితే తెల్ల గిన్నెలో నీళ్లు పోసి బోర్లా ముంచి చూస్తే, రంగు లోపలంతా సమంగా ఉందో ఉపరితలానికే అంటుకుని ఉందో కొంత తెలుస్తుంది. సూదితో గీకి చూడటం మాత్రం వద్దు. నిజం తెలిసేసరికి రాయి పాడవుతుంది. వజ్రాల మీది సిలికా పూతల వంటివి ఇంటి పరీక్షలకు దొరకవు, వాటికి పరీక్షశాలే దిక్కు. సూరత్‌లో కతార్‌గామ్ ప్రాంతంలో 1978 నుంచి నడుస్తున్న ఇండియన్ డైమండ్ ఇన్‌స్టిట్యూట్ లాంటి చోట్ల రత్నపరీక్ష నేర్పుతారు. రోజూ ఘంటి మీద, అంటే వజ్రపు పొడి పూసి తిరిగే సానచక్రం మీద, పనిచేసే రత్నకళాకారులకు ఇది అవసరమైన చదువే. సానచక్రానికి ఆనించిన క్షణంలో పూత ఎగిరిపోతుంది, నష్టం ఎవరిదన్న తగాదా మిగులుతుంది.

నగ మీది హాల్‌మార్క్ ఈ విషయంలో ఏమీ చెప్పదని గుర్తుంచుకోవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన ఆరు అక్షరాంకెల గుర్తింపు సంఖ్య బంగారం స్వచ్ఛతకు సాక్ష్యం, రాయికి కాదు. రాయి సంగతి బిల్లులో రాయించుకోవాలి. ‘టోపాజ్’ అని మాత్రమే ఉంటే సరిపోదు. ‘కోటెడ్ టోపాజ్’ అని ఉండాలి. ‘మిస్టిక్’, ‘రెయిన్‌బో’, ‘ఆరా’ వంటి పేర్లు పూత ఉందని చెప్పకనే చెప్పే వ్యాపార నామాలు, కానీ కొనేవారికి ఆ భాష తెలియాలని లేదు. నగల వ్యాపారుల అంతర్జాతీయ సమాఖ్య సిబ్జో నియమాల ప్రకారం రాయికి చేసిన ఇలాంటి మార్పును అడగకముందే చెప్పాలి.

పూత రాయి చెడ్డదేమీ కాదు. ఇంద్రధనుస్సు రంగులున్న సహజ రాయిని కొనాలంటే మేలిరకం ఒపల్ దాకా వెళ్లాలి, అది అందరి చేతికీ అందదు. తక్కువ ధరలో ఇంత వన్నె దొరకడం ఆ శూన్య గది చలవే. పండగకో పెళ్లికో పెట్టుకుని తీసి దాచుకునే లోలాకులకు, పతకాలకు ఇది బాగా నప్పుతుంది. చేతి పని చేసే వేలికి రోజంతా ఉండే ఉంగరానికి నప్పదు. పాత్రలు తోమే పీచుకు, మగ్గం మీద దూసుకుపోయే దారానికి ఏ పూతా ఎక్కువ కాలం ఆగదు.

రంగు పోయిన ఉంగరంతో స్వర్ణకారుడి ముందు నిలబడ్డవారికి ఒక్క దారి ఇంకా ఉంది. టోపాజ్ అక్కడే ఉంది, చెక్కుచెదరకుండా. మిగిలిన పూత మరకలను సానపట్టి తీసేస్తే తేటైన తెల్ల రాయి బయటపడుతుంది. దాన్ని అలాగే పొదిగించుకోవచ్చు. లేదంటే పూత వేసే కార్ఖానాకు పంపి మళ్లీ వేయించవచ్చు. ఒక్క రాయి కోసం శూన్య గది నడపరు కాబట్టి అలా పంపడం చాలాసార్లు కొత్త రాయి కొన్నదానికంటే ఎక్కువే అవుతుంది.